షేరింగ్ ట్యాబ్ జోలికి పోవద్దు

అమీర్‌పేటలో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సు చేసి వచ్చిన కుర్రాళ్ళని ఎవర్నైనా ఈ ప్రశ్న అడిగి చూడండి. విండోస్‌లో ఒక ఫోల్డర్‌కి షేర్ పర్మిషన్ (నెట్‌వర్క్‌లో పంచుకునేటప్పుడు ఇచ్చే అనుమతి) ఒకలా, ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ (ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ డిస్కు మీద ఫైల్‌కే రాసి ఉంచే అనుమతి) ఇంకోలా ఉంటే నెట్‌వర్క్ మీద వచ్చే యూజర్‌కి ఏది వర్తిస్తుంది? "రెండింట్లో ఏది ఎక్కువ కట్టడిగా ఉంటే అది సార్" అని టక్కున చెప్తారు. డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంటర్వ్యూల్లో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది, తడబడేవాళ్ళు అరుదు. అయితే దాని వెనకే ఇంకోటి వేస్తాను. "సరే, ఆ యూజరే వచ్చి సర్వర్ కీబోర్డు ముందు కూర్చుని అదే ఫోల్డర్ తెరిచాడనుకోండి, అప్పుడు?" అక్కడ చాలామంది ఆగిపోతారు. కొందరైతే ఆగకుండానే "అప్పుడూ అంతే సార్" అంటారు.

అంతే కాదు. సర్వర్ ముందు కూర్చుంటే షేర్ పర్మిషన్ అనేది అసలు లెక్కలోకే రాదు. నెట్‌వర్క్ దారిలో వచ్చేవాళ్ళకి మాత్రమే అది అడ్డం. రిమోట్ డెస్క్‌టాప్‌తో (వేరే మెషిన్ నుంచే సర్వర్ తెర తెరిచి వాడే పద్ధతి) సర్వర్‌లోకి దిగి డి డ్రైవ్ తెరిచినవాళ్ళకి కూడా అడ్డం కాదు, ఎందుకంటే విండోస్ దృష్టిలో వాళ్ళు ఆ మెషిన్‌లోనే ఉన్నారు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ అలా కాదు. ఏ దారిలో వచ్చినా ఫైల్‌తో పాటే ఉంటుంది, అడుగుతుంది.

ఈ ఒక్క తేడా సరిగ్గా పట్టుకుంటే నేను చెప్పబోయేది సగం అర్థమైనట్టే. ఎవరికి ఏ ఫోల్డర్, ఎవరికి చదవడం, ఎవరికి రాయడం అనే లెక్కలన్నీ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతులుండే సెక్యూరిటీ ట్యాబ్‌లోనే తేల్చుకోవాలి. షేర్ పర్మిషన్లుండే షేరింగ్ ట్యాబ్‌లో ఒక్క వరుస రాసి, ఆ తర్వాత దాని జోలికి పోకూడదు. రెండు చోట్లా మనుషుల పేర్లు రాసుకుంటూ పోయే అలవాటు మన ఆఫీసుల్లో బాగా పాతుకుపోయింది. దానివల్ల భద్రత పెరగదు, అయోమయం పెరుగుతుంది. అయోమయం పెరిగిన చోట చివరికి అందరికీ అన్నీ తెరిచేస్తారు.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మీరు నెట్‌వర్క్‌లో ఒక షేర్ తెరవబోయినప్పుడు సర్వర్ మొదట మీరెవరో తేల్చుకుంటుంది. మీ యూజర్ పేరు, మీరున్న గ్రూపులు అన్నీ కలిపి ఒక టోకెన్ తయారవుతుంది. ఆ టోకెన్‌ని పట్టుకుని షేర్ మీద రాసి ఉన్న జాబితాతో పోల్చి, ఈ దారిలో మీకు గరిష్ఠంగా ఎంతవరకు అనుమతి ఉందో లెక్క వేస్తుంది. అక్కడ ఉండేవి మూడే మూడు స్థాయిలు: రీడ్, చేంజ్, ఫుల్ కంట్రోల్. ఆ తర్వాత మీరు ఒక్కో ఫైల్ తెరిచేటప్పుడు అదే టోకెన్‌తో ఎన్‌టీఎఫ్‌ఎస్ జాబితా చూస్తుంది. ఇక్కడ వివరం చాలా ఎక్కువ. రీడ్, రైట్, మాడిఫై, ఫుల్ కంట్రోల్ అని పైకి కనిపించేవి కొన్నే అయినా, అడ్వాన్స్‌డ్ నొక్కితే డిలీట్ వేరు, సబ్‌ఫోల్డర్లని డిలీట్ చేయడం వేరు, పర్మిషన్లు మార్చడం వేరు, ఓనర్‌షిప్ తీసుకోవడం వేరు అని విడివిడిగా కనిపిస్తాయి. మీరు అడిగిన పనికి రెండు జాబితాలూ సరే అనాలి. ఒకటి కాదన్నా "యాక్సెస్ డినైడ్".

"ఎక్కువ కట్టడి ఉన్నదే గెలుస్తుంది" అన్న సూత్రం పనికొచ్చేదే, కానీ దాన్ని తొందరపడి వాడితే లెక్క తప్పుతుంది. ఒక ఉదాహరణ చెప్తాను. సేల్స్ గ్రూపుకి షేర్‌లో రీడ్, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మాడిఫై ఉంది. అకౌంట్స్ గ్రూపుకి షేర్‌లో చేంజ్, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో రీడ్ ఉంది. ఒక ఉద్యోగి రెండు గ్రూపుల్లోనూ ఉన్నాడు. అతనికి ఏం దక్కుతుంది? సేల్స్ వైపు కట్టడి రీడ్, అకౌంట్స్ వైపు కట్టడి కూడా రీడ్, కాబట్టి రీడే అని చాలామంది చెప్తారు. తప్పు. ముందు ఒక్కో వైపు విడిగా కూడాలి. షేర్ వైపు రీడ్, చేంజ్ కలిస్తే చేంజ్. ఎన్‌టీఎఫ్‌ఎస్ వైపు మాడిఫై, రీడ్ కలిస్తే మాడిఫై. ఆ తర్వాతే రెండు మొత్తాలనీ పక్కపక్కన పెట్టి ఉమ్మడిగా ఉన్నదేంటో చూడాలి. అతను ఫైళ్ళు మార్చగలడు, తీసెయ్యగలడు కూడా. ఒక్క గ్రూపు ద్వారా కూడా ఎవరూ ఇవ్వాలనుకోని హక్కు, రెండు గ్రూపులూ కలిసేసరికి వచ్చి కూర్చుంది. రెండు ట్యాబుల్లోనూ గ్రూపుల వారీగా రాస్తే ఇలాంటివి కాగితం మీద లెక్క వేస్తే తప్ప కనపడవు. షేర్ వైపు ఒకటే వరుస ఉంటే ఈ చిక్కే పుట్టదు.

అసలు ఒకే ఫోల్డర్‌కి రెండు రకాల అనుమతులు ఎందుకు వచ్చాయి? చరిత్ర వల్ల. విండోస్ 95 రోజుల్లో డిస్కు మీద ఉన్నది ఫ్యాట్. ఆ ఫైల్ సిస్టమ్‌లో యూజర్ అనే ఊహే లేదు, ఫైల్ పక్కన "ఇది ఫలానావాడిది" అని రాసుకునే చోటే లేదు. కాబట్టి నెట్‌వర్క్‌లో ఫోల్డర్ పంచుకోవాలంటే కాపలా అంతా షేర్ దగ్గరే పెట్టాలి. చదవడానికి ఒక పాస్‌వర్డు, అన్నిటికీ ఒక పాస్‌వర్డు పెట్టుకునే వీలుండేది. అంతకు ముందే, 1993లో, విండోస్ ఎన్‌టీ 3.1తో ఎన్‌టీఎఫ్‌ఎస్ వచ్చింది. అందులో ప్రతి ఫైల్‌కీ ఓనర్ ఉంటాడు, అనుమతుల జాబితా ఉంటుంది. కానీ ఎన్‌టీ సర్వర్‌లో కూడా ఫ్యాట్ డ్రైవ్‌లు ఉండేవి కనుక షేర్ వైపు కాపలాని తీసెయ్యలేదు. అది ఇప్పటికీ మిగిలిపోయింది. ఈ రోజు కూడా ఫ్యాట్ బాపతే అయిన ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌నో, ఎక్స్‌టర్నల్ డిస్కునో షేర్ చేస్తే మీకున్న రక్షణ షేర్ పర్మిషన్ ఒక్కటే. సెక్యూరిటీ ట్యాబే కనిపించదు.

మన దగ్గర ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. చిన్న ఆఫీసుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో ఒక తరం నేర్చుకున్నది విండోస్ ఎక్స్‌పీ మీద. ఎక్స్‌పీ హోమ్‌లో సెక్యూరిటీ ట్యాబ్ మామూలుగా కనిపించేదే కాదు, సేఫ్ మోడ్‌లోకి వెళ్తే తప్ప. ప్రొఫెషనల్‌లో కూడా సింపుల్ ఫైల్ షేరింగ్ అనే ఆప్షన్ తీసేస్తే గానీ వచ్చేది కాదు. కాబట్టి పర్మిషన్ అంటే షేరింగే అన్న అభిప్రాయం చేతుల్లోకి దిగిపోయింది. ఆ చేతులే ఇప్పుడు సర్వర్లు పెడుతున్నాయి.

ఇక మన ఆఫీసుల సంగతి. విజయవాడ వన్‌టౌన్‌లోనో, హైదరాబాద్ బేగంబజార్‌లోనో ఒక హోల్‌సేల్ కొట్టుకి వెళ్ళండి, లేదా ఏ ఊళ్ళోనైనా ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసుకి వెళ్ళండి. "సర్వర్" అని పిలిచేది చాలాసార్లు మామూలు పీసీనే. దాని ముందు ఒక మనిషి కూర్చుని రోజంతా బిల్లులు కొడుతూ ఉంటాడు. ఆ పీసీలో జీతాల ఫోల్డర్ ఉంటుంది. షేర్ పర్మిషన్‌లో యజమానికి, అకౌంటెంట్‌కి మాత్రమే ఇచ్చి "లాక్ చేశాం" అనుకుంటారు. బిల్లులు కొట్టే కుర్రాడు నెట్‌వర్క్ దారిలో రావాల్సిన పనేముంది, డి డ్రైవ్ తెరిస్తే జీతాలన్నీ కనిపిస్తాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ వైపు ఎవరూ ముట్టుకోలేదు కదా, డ్రైవ్ మూలం నుంచి దిగివచ్చిన పాత అనుమతులే అక్కడ ఉంటాయి.

ఈ ఆఫీసుల్లోనే ఇంకో పెద్ద ప్రశ్న ఉంది, దానికి తేలికైన జవాబు లేదు. ట్యాలీ లాంటి లెక్కల ప్రోగ్రామ్ డేటా ఫోల్డర్‌ని ఒక మెషిన్‌లో పెట్టి, మిగతా సిస్టమ్‌ల నుంచి షేర్ ద్వారా వాడతారు. ప్రోగ్రామ్ ఆ ఫైళ్ళలో రాయాలి కాబట్టి వాడేవాళ్ళందరికీ రాసే హక్కు ఇవ్వక తప్పదు. రాసే హక్కు ప్రోగ్రామ్‌కి ఇస్తున్నామని యజమాని అనుకుంటాడు. కానీ విండోస్ ఇచ్చేది మనిషికి, ప్రోగ్రామ్‌కి కాదు. లెక్కల ప్రోగ్రామ్ ఆ యూజర్ పేరు మీదే నడుస్తుంది, ఫోల్డర్లు తెరిచి చూసే ఎక్స్‌ప్లోరర్ కూడా ఆ యూజర్ పేరు మీదే నడుస్తుంది. ఓచర్ ఎంటర్ చేయగలిగినవాడు కంపెనీ ఫోల్డర్ మొత్తాన్ని పట్టుకుని డిలీట్ కూడా కొట్టగలడు. ప్రోగ్రామ్ లోపల పెట్టుకున్న యూజర్లూ పాస్‌వర్డులూ ఎక్స్‌ప్లోరర్‌కి తెలియవు. అతని మెషిన్‌లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దూరితే అది కూడా అతని హక్కులతోనే ఆ ఫోల్డర్‌లోకి వెళ్తుంది.

దీనికి షేర్ పర్మిషన్‌తో చేయగలిగింది ఏమీ లేదు. రీడ్ పెడితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది, చేంజ్ పెడితే తలుపు తెరిచినట్టే. నన్ను అడిగితే ఇలాంటి చోట షేర్‌నే తీసెయ్యమంటాను. డేటా ఉన్న మెషిన్‌లోనే ప్రోగ్రామ్ నడిపి, లైసెన్సులు సరిగ్గా కొనుక్కుని, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా పని చేయించుకోవచ్చు. నెట్‌వర్క్ మీద ఆ ఫోల్డర్ కనిపించదు కాబట్టి పక్క మెషిన్‌లో దూరిన రాన్సమ్‌వేర్‌కి ఆ దారి ఉండదు. ఎక్స్‌ప్లోరర్ సమస్య మాత్రం అక్కడా ఉంటుంది, డెస్క్‌టాప్ మొత్తం కాకుండా ఆ ప్రోగ్రామ్ ఒక్కటే తెరుచుకునేలా పెడితే కొంత తగ్గుతుంది. అది కుదరకపోతే షాడో కాపీలు (విండోస్ దాచి ఉంచే ఫైళ్ళ పాత ప్రతులు) ఆన్ చేసి, ఆ యూజర్లు ఎవరూ ముట్టుకోలేని చోటికి రోజూ బ్యాకప్ తీయాలి. బ్యాకప్ ఫోల్డర్‌ని కూడా అదే షేర్ లోపల పెట్టినవాళ్ళని చూశాను, దాని గురించి ఇంకేం చెప్పను.

ఇప్పుడు అసలు గుంట ఎక్కడుందో చెప్తాను, ఎందుకంటే షేర్ పర్మిషన్‌ని నమ్మొద్దనడానికి నా దగ్గరున్న గట్టి కారణం ఇదే. ఒక ఫోల్డర్‌కి ఒకటే షేర్ ఉండాలనే నియమం లేదు. డి డ్రైవ్‌లో డేటా అని ఒక ఫోల్డర్, అది ఆఫీసు మొత్తానికీ షేర్, అందరికీ చేంజ్. దాని లోపల జీతాలు అని ఇంకో ఫోల్డర్. దాన్ని మళ్ళీ విడిగా షేర్ చేసి, ఆ షేర్ మీద హెచ్‌ఆర్ గ్రూపుకి మాత్రమే అనుమతి ఇచ్చారు. జీతాల షేర్ మీద డబుల్ క్లిక్ చేస్తే సేల్స్ కుర్రాడికి యాక్సెస్ డినైడ్ వస్తుంది. పెట్టినవాడు పరీక్ష చేసి చూసుకుని తృప్తిపడతాడు. అదే కుర్రాడు డేటా షేర్‌లోంచి లోపలికి వెళ్ళి జీతాలు ఫోల్డర్ తెరిస్తే తెరుచుకుంటుంది. ఎందుకంటే సర్వర్ చూసేది మీరు ఏ షేర్ పేరుతో లోపలికి వచ్చారో ఆ షేర్ జాబితానే. దారిలో ఉన్న మిగతా షేర్ల జాబితాలు దానికి పట్టవు. కోర్సుల్లో చెప్పే పోలికే వాడాలంటే, షేర్ పర్మిషన్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫ్లాట్ తలుపు తాళం. వాళ్ళు చెప్పని సంగతేంటంటే ఆ అపార్ట్‌మెంట్‌కి ఎన్ని గేట్లైనా ఉండొచ్చు, ఒక గేటు వాచ్‌మన్‌కి ఇచ్చిన జాబితా ఇంకో గేటు వాచ్‌మన్ దగ్గర ఉండదు.

షేర్ పేరు చివర డాలర్ గుర్తు పెట్టి దాచేయడం కూడా ఇలాంటిదే. నెట్‌వర్క్‌లో వెతికితే కనిపించదు, నిజమే. పేరు తెలిసినవాడు టైప్ చేస్తే తెరుచుకుంటుంది. దాచడం వేరు, కాపాడటం వేరు. సబ్‌ఫోల్డర్లని దాచాలనుకుంటే యాక్సెస్ బేస్డ్ ఎన్యూమరేషన్ అని సర్వర్ 2003 సర్వీస్ ప్యాక్ 1 నుంచే ఒక సదుపాయం ఉంది. అది ఆన్ చేస్తే చదివే హక్కు లేని ఫోల్డర్లు ఆ యూజర్‌కి జాబితాలో కనిపించవు. గమనించండి, అది చూసేది ఎన్‌టీఎఫ్‌ఎస్ హక్కుల్ని.

"రెండు తాళాలు ఉంటే మంచిదే కదండీ?" అని అడుగుతారు. ఆడిటర్లు మరీ అడుగుతారు. షేర్ జాబితాలో ఎవ్రీవన్, అంటే అందరూ, అన్న పేరు చూడగానే వాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. వాళ్ళ భయాన్ని నేను తీసిపారెయ్యను. ఎన్‌టీఎఫ్‌ఎస్ వైపు ఎవరైనా తెలియక తెరిచేస్తే షేర్ వైపు కట్టడి ఆపుతుందన్నది సూత్రంగా నిజమే. కానీ ఆచరణలో ఏం జరుగుతుంది? "యాక్సెస్ డినైడ్" అనే సందేశం ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. ఆపింది షేరా, ఎన్‌టీఎఫ్‌ఎసా అన్నది చెప్పదు. మేనేజర్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు, జీఎస్‌టీ రిటర్న్ ఇవాళే వేయాలి. సపోర్ట్ కుర్రాడు సెక్యూరిటీ ట్యాబ్‌లో మాడిఫై ఇస్తాడు, పని జరగదు. ఫుల్ కంట్రోల్ ఇస్తాడు, జరగదు. ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇస్తాడు, అప్పటికీ జరగదు. అప్పుడు షేరింగ్ ట్యాబ్ గుర్తొస్తుంది, అక్కడ మారుస్తాడు, పని అవుతుంది. అందరూ సంతోషం. సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ అలాగే ఉండిపోతుంది. రెండో తాళం పెట్టినందువల్ల మొదటి తాళం శాశ్వతంగా తెరుచుకుంది. ఈ కథ నేను వేర్వేరు ఆఫీసుల్లో ఒకే రకంగా చూశాను.

నిజానికి విండోస్ కూడా నా పక్షమే. ఫోల్డర్ మీద షేర్ అనే మామూలు బటన్ నొక్కి, వచ్చిన విజార్డ్‌లో ఒక యూజర్‌కి రీడ్ ఇచ్చి చూడండి. ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లోకి వెళ్ళి షేర్ పర్మిషన్లు తెరవండి. అక్కడ ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ అని ఉంటుంది. మీరు ఇచ్చిన రీడ్ వెళ్ళి సెక్యూరిటీ ట్యాబ్‌లో కూర్చుంటుంది.

అయితే షేర్ వైపు ఏం రాయాలన్న దగ్గర మాత్రం నేను ఆ విజార్డ్‌తో ఏకీభవించను. ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ బదులు ఆథెంటికేటెడ్ యూజర్స్‌కి (సొంత పేరు, పాస్‌వర్డుతో లోపలికి వచ్చినవాళ్ళందరికీ) చేంజ్, అడ్మినిస్ట్రేటర్స్‌కి ఫుల్ కంట్రోల్ ఇస్తాను. అడ్మిన్ల వరుస పక్కన పెడితే, మిగతా అందరికీ ఒక్క వరుసే. రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది, ఫైల్ ఎవరు తయారుచేస్తే వాళ్ళు దానికి ఓనర్. ఓనర్‌కి, మామూలుగా, జాబితాలో ఏం రాసి ఉన్నా తన ఫైల్ పర్మిషన్లు మార్చుకునే హక్కు ఉంటుంది. షేర్‌లో ఫుల్ కంట్రోల్ ఉంటే ఒక ఉద్యోగి తన సీటు దగ్గర నుంచే తాను పెట్టిన ఫోల్డర్‌లోంచి అందర్నీ తీసేసి, తన పేరు ఒక్కటే ఉంచుకోగలడు. చేస్తారు కూడా, ముఖ్యంగా ఉద్యోగం మానేసే ముందు. షేర్‌లో చేంజ్ మాత్రమే ఉంటే ఫైళ్ళు రాసుకోవచ్చు, తీసెయ్యొచ్చు, కానీ నెట్‌వర్క్ దారిలో పర్మిషన్లు మార్చడం కుదరదు. "ఎక్కువ కట్టడి" అన్న సూత్రాన్ని స్థాయిల లెక్కలో చూస్తే ఈ సంగతి కనపడదు. చేంజ్‌కీ ఫుల్ కంట్రోల్‌కీ మధ్య ఉన్న తేడా పర్మిషన్లు మార్చడం, ఓనర్‌షిప్ తీసుకోవడం. షేర్ పర్మిషన్ చేసే నిజమైన మేలు ఇదే అని నా అభిప్రాయం, అదీ ఒక్క వరుసతో అయిపోతుంది.

రెండోది గెస్ట్, అంటే పాస్‌వర్డ్ అక్కర్లేని అతిథి ఖాతా. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేయడం మన దగ్గర చాలా మామూలు. అలా చేస్తే సర్వర్‌లో సరిపోలే యూజర్, పాస్‌వర్డ్ లేనివాళ్ళు ఎవరొచ్చినా గెస్ట్ పేరు మీద లోపలికి వస్తారు. ఎవ్రీవన్‌లో గెస్ట్ కూడా ఉంటాడు, అందుకే పాస్‌వర్డ్ లేని షేర్లు ఎవ్రీవన్ మీదే ఆధారపడి నడుస్తాయి. ఇక ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మీరు అకౌంటెంట్‌కి ఒకటి, స్టోర్ కీపర్‌కి ఒకటి అని ఎంత జాగ్రత్తగా రాసుకున్నా లాభం లేదు, సర్వర్‌కి ఇద్దరూ గెస్టే. విండోస్ 11 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్‌లో కూడా ఇలాంటి గెస్ట్ ప్రవేశాన్ని డిఫాల్ట్‌గానే ఆపేశారు. అప్‌డేట్ పడగానే షేర్లు తెరుచుకోవట్లేదని చాలా ఆఫీసుల్లో గోల. దానికి యూట్యూబ్‌లో దొరికే విరుగుడు, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) మార్పు చేసి గెస్ట్‌ని మళ్ళీ లోపలికి రానివ్వడం. దయచేసి చేయకండి. డొమైన్ (ఆఫీసు యూజర్లందర్నీ ఒకే చోట నడిపే ఏర్పాటు) లేకపోయినా, సర్వర్ పీసీలో ఒక్కొక్కరికీ ఒక లోకల్ యూజర్ తయారుచేసి, వాళ్ళ మెషిన్‌లో కూడా అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెడితే ఏమీ అడగకుండానే లోపలికి వెళ్తారు. పది మంది ఉన్న ఆఫీసుకి ఇది ఒక మధ్యాహ్నం పని.

ఎన్‌టీఎఫ్‌ఎస్ వైపు ఎలా పెట్టుకోవాలన్నది పెద్ద విషయం, ఇక్కడ కొంతే చెప్తాను. మనుషుల పేర్లు జాబితాలో రాయొద్దు, గ్రూపులే రాయండి. మనిషి మారితే గ్రూపులోంచి తీసేస్తే చాలు. కొత్తగా గ్రూపులో చేర్చినవాడికి వెంటనే పని చేయకపోతే కంగారు పడొద్దు, టోకెన్ లాగిన్ అయినప్పుడు తయారవుతుంది, ఒకసారి లాగ్ ఆఫ్ అయి రమ్మనండి. డినై (నిరాకరణ) అన్న పెట్టెని వీలైనంతవరకు ముట్టుకోవద్దు. "డినై ఎప్పుడూ గెలుస్తుంది" అని కోర్సుల్లో చెప్పేది కూడా పూర్తి నిజం కాదు. ఆ ఫైల్ మీద నేరుగా రాసిన అలౌ, పై ఫోల్డర్ నుంచి దిగివచ్చిన డినైని దాటేస్తుంది, ఎందుకంటే నేరుగా రాసినవాటిని ముందు చూస్తుంది. ఇది తెలియక పైన ఒక డినై పెట్టి నిశ్చింతగా ఉన్నవాళ్ళున్నారు. ఎవ్రీవన్‌కి డినై పెట్టి తమని తామే బయటకి నెట్టుకున్న అడ్మిన్లూ ఉన్నారు, ఎవ్రీవన్‌లో అడ్మినిస్ట్రేటర్ కూడా ఉంటాడు మరి.

ఇంకోటి, ఫైల్‌ని కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ అనుమతులు వస్తాయి, అదే డ్రైవ్‌లో కట్ చేసి పేస్ట్ చేస్తే పాతవి వెంట రావచ్చు. జీతాల ఫోల్డర్‌లోంచి అందరి ఫోల్డర్‌లోకి కట్ పేస్ట్ చేసిన ఫైల్ ఎవరికీ తెరుచుకోకపోతే షేర్‌ని తిట్టకండి.

ఎవరికి నిజంగా ఏముందో చూడాలంటే ఊహించడం మానేసి సెక్యూరిటీ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కితే వచ్చే ఎఫెక్టివ్ యాక్సెస్ ట్యాబ్ వాడండి. విండోస్ 8, సర్వర్ 2012 నుంచి, నెట్‌వర్క్ దారిలో ఫోల్డర్ తెరిచి అక్కడికి వెళ్తే షేర్‌నీ కలిపి లెక్క వేసి, ఫలానా హక్కుని ఆపింది షేరా, ఫైల్ పర్మిషనా అని పక్కనే చూపిస్తుంది. యాక్సెస్ డినైడ్ సందేశం చెప్పని సంగతి ఇది చెప్తుంది. అంతకు ముందు వెర్షన్లలోని ట్యాబ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ మాత్రమే చూసేది, దాన్ని నమ్మి మోసపోయినవాళ్ళు చాలామంది.

లినక్స్ వాళ్ళు ఇది విండోస్ జబ్బు అనుకోనక్కర్లేదు. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబాలోనూ (లినక్స్ మెషిన్ నుంచి విండోస్‌కి ఫోల్డర్లు షేర్ చేసే ప్రోగ్రామ్) ఇదే రెండంచెల పద్ధతి. కాన్ఫిగ్ ఫైల్‌లో షేర్‌ని రాయడానికి తెరిచినా, డైరెక్టరీ మీద ఆ యూజర్‌కి రైట్ బిట్ లేకపోతే రాయలేడు. చాలామంది అక్కడ చేసేది 777 (అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే అంకె) కొట్టేయడం, అది సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్‌కి సాక్షాత్తూ తోబుట్టువు. లినక్స్, యూనిక్స్ మెషిన్లు ఫోల్డర్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో కూడా ఎక్స్‌పోర్ట్‌లో చదవడానికా రాయడానికా అన్నది ఒకటి, ఫైల్ మీద హక్కులు ఇంకొకటి.

షేర్ పర్మిషన్‌ని గట్టిగా బిగించాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి, కాదనను. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు పెట్టే షేర్‌కి అందరికీ రీడ్ చాలు, అడ్మిన్లు కూడా ఆ దారిలో రాయక్కర్లేదు. ఎక్స్‌ఫ్యాట్ డిస్కు సంగతి పైన చెప్పాను. పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారే రోజున, చివరి కాపీ మొదలుపెట్టే ముందు షేర్‌ని రీడ్‌కి దించేసి, తెరిచి ఉన్న సెషన్లు మూసేస్తే ఎవరూ పాత చోట కొత్త ఫైళ్ళు రాయలేరు. లక్షల ఫైళ్ళ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతులు ముట్టుకోకుండా ఒక్క వరుస మార్చి మొత్తం ఫోల్డర్‌ని స్తంభింపజేయవచ్చు. వీటన్నిట్లోనూ నియమం షేర్ మొత్తానికి ఒకటే. మనిషికో రకం కాదు.

సర్వర్ మార్పిడి అన్నాను కాబట్టి ఆ ముక్క కూడా చెప్పేస్తాను. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతులు డిస్కు మీద, ఫైళ్ళతోనే ఉంటాయి. డిస్కు ఊడదీసి ఇంకో సర్వర్‌లో పెడితే వాటితోనే వస్తాయి. విండోస్‌తోనే వచ్చే కాపీ ప్రోగ్రామ్ రోబోకాపీతో సెక్యూరిటీని కూడా కలిపి కాపీ చేయమంటే చేస్తుంది. డొమైన్ గ్రూపులైతే అలాగే పనిచేస్తాయి, పాత మెషిన్‌లోని లోకల్ గ్రూపులైతే పేర్ల బదులు ఎస్-1-5-21తో మొదలయ్యే పొడుగాటి అంకెలు కనిపిస్తాయి, అవి తిరిగి రాసుకోవాలి. షేర్ పర్మిషన్లు మాత్రం డిస్కు మీద ఉండవు. అవి విండోస్ రిజిస్ట్రీలో, ల్యాన్‌మ్యాన్‌సర్వర్ అనే సర్వీస్ కింద షేర్స్ అనే కీలో ఉంటాయి. మదర్‌బోర్డు పోయి, సి డ్రైవ్ కూడా పోయి, డేటా డిస్కు ఒక్కటే బతికి బయటపడిందనుకోండి. షేరింగ్ ట్యాబ్‌లో ఒక్కో వరుస రాసుకున్న ఆఫీసు కొత్త మెషిన్‌లో షేర్లు తిరిగి పెట్టుకుని టీ టైమ్‌కల్లా పనిలో పడుతుంది. ముప్ఫై షేర్ల మీద మనిషి మనిషికీ రాసుకున్న ఆఫీసులో ఎవరికి ఏముండేదో చెప్పగలిగే కాగితం కూడా ఉండదు, ఒక్కొక్కరూ వచ్చి "నాకు ఇది తెరుచుకునేది" అని చెప్పిందే వేదం. మీది ఆ రెండో రకం ఆఫీసు అయితే, మార్పులు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ షేర్స్ కీని ఎక్స్‌పోర్ట్ చేసి, షేర్ల జాబితాని ప్రింట్ తీసి, రెండూ ఆ సర్వర్‌లో కాకుండా వేరే చోట దాచండి.